షాపు అడ్వాన్స్ కట్టకముందే మీ వ్యాపారం ఆలోచనను ఏఐతో పరీక్షించడం ఎలా

చిన్న వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ముందుగా ఖర్చుపెట్టేది షట్టర్ అడ్వాన్స్ మీద. తర్వాత బోర్డు, ర్యాకులు, ఫ్రిజ్, ఓపెనింగ్ రోజు షామియానా. కొనేవాళ్ళు ఉన్నారా లేదా అన్నది ఇవన్నీ అయ్యాక తెలుస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరూ లోగో ముందే సిద్ధమైపోతాయి. దాచుకున్న డబ్బు, ఒక్కోసారి పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు, అలా పోతుంటే చూడటం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఈ గైడ్.

చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ లాంటి ఏఐ టూల్స్ తెలుగులో అడిగినా జవాబు చెబుతాయి. టైప్ చేయడం కష్టమైతే నోటితో చెప్పొచ్చు. ఉచిత వెర్షన్ చాలు, దీనికోసం నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. ఫోను, ఒక నోట్‌బుక్, మూడు నాలుగు వారాల ఓపిక, పోయినా ఇల్లు గడిచే కొంత డబ్బు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఒక్క విషయం ముందే చెబుతాను. ఐడియాలు ఇప్పుడు ఉచితం, ఎవరు అడిగినా వంద వస్తాయి. ఏఐ వల్ల మనకు నిజంగా కలిసొచ్చేది వేరే ఉంది: పనికిరాని ఆలోచన పనికిరాదని తక్కువ ఖర్చులో, తొందరగా తెలుసుకోవచ్చు. కింద చెప్పేదంతా అందుకే.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ పట్టుకుందాం. హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక గృహిణి, ఇంటి దగ్గర నుంచే ఏదైనా మొదలుపెట్టాలనుకుంటున్నారు. చివరికి ఆవిడ ఇడ్లీ పిండి అమ్మడం దగ్గర ఆగారు అనుకుందాం. మీది టైలరింగ్ అయినా, మగ్గం వర్క్ అయినా, ట్యూషన్ అయినా వరస ఇదే.

1. ముందు మీ సంగతి చెప్పండి

"తక్కువ పెట్టుబడితో ఇంటి దగ్గర చేసే వ్యాపారాలు చెప్పు" అని అడిగి చూడండి. కొవ్వొత్తులు, అగరుబత్తీలు, పేపర్ ప్లేట్లు, పచ్చళ్ళు, క్లౌడ్ కిచెన్, యూట్యూబ్ ఛానెల్. ఎవరు అడిగినా దాదాపు ఇదే లిస్టు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా రాసి ఉన్నదే అది ముందుగా అందిస్తుంది. మీ వీధి దానికి తెలియదు. మీ గ్రైండర్ ఎన్ని లీటర్లదో తెలియదు.

కాబట్టి మొదటి రోజు ఏఐని తెరవకండి. నోట్‌బుక్‌లో ఇవి రాయండి: చేతిలో ఎంత ఉంది, అందులో పోయినా పర్వాలేదు అనుకునేది ఎంత, రోజులో ఏ గంటలు మీవి, ఇంట్లో ఏ వస్తువులున్నాయి, ఏ పని వచ్చు, ఏ పని చచ్చినా చేయలేరు, మీ ఫోన్‌లో ఉన్నవాళ్ళలో ఎవరెవరు కొనొచ్చు. తర్వాత చెప్పులేసుకుని ఇంటి చుట్టూ ఒక కిలోమీటరు నడవండి. ఏ షాపులున్నాయి, ఏవి కొత్తగా మూతపడ్డాయి, సాయంత్రం ఏడింటికి ఎక్కడ జనం ఉన్నారు, అన్నీ రాసుకోండి. మూతపడ్డ షాపు పక్కన పాన్ డబ్బా ఉంటే, అది ఎందుకు మూసేశారని ఆయన్ని అడగండి. ఏ ఏఐ చెప్పలేని సమాధానం అక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు ఏఐకి ఇలా రాయండి:

"నేను హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాను. మా అపార్ట్‌మెంట్‌లో 120 ఫ్లాట్లు. పిల్లలు స్కూలుకి వెళ్ళాక ఉదయం 9 నుంచి 3 దాకా ఖాళీ. చేతిలో 40,000 ఉన్నాయి, అందులో 15,000 పోయినా ఇల్లు గడుస్తుంది. 2 లీటర్ల వెట్ గ్రైండర్, 300 లీటర్ల ఫ్రిజ్, స్కూటీ ఉన్నాయి. వంట బాగా వచ్చు, కుట్టుపని రాదు. రాత్రి 8 తర్వాత పని చేయలేను. తోడు ఎవరూ లేరు. కిలోమీటరు లోపల మూడు కర్రీ పాయింట్లు, రెండు సూపర్ మార్కెట్లు, నాలుగు హాస్టళ్ళు ఉన్నాయి. ఇప్పుడే వ్యాపారాలు చెప్పకు. ముందు నాకు సరిపడేది ఏదో తెలియడానికి కావలసిన ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగు."

ఆ చివరి రెండు వాక్యాలు మర్చిపోకండి. అవి లేకపోతే వెంటనే లిస్టు మొదలుపెడుతుంది. అవి ఉంటే "వారాంతాల్లో పని చేయగలరా?", "అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటుందా?" లాంటి ప్రశ్నలు వస్తాయి. రెండోది చాలామందికి తట్టదు, తీరా మొదలుపెట్టాక వాచ్‌మన్ గేటు దగ్గర ఆపుతాడు. ప్రతిదానికీ నిజం చెప్పండి.

2. ఐడియాలు అడగకండి, ఫిర్యాదులు పోగేయండి

జనం ఇప్పటికే దేని గురించి విసుక్కుంటున్నారో అక్కడ వ్యాపారం ఉంటుంది. ఆ విసుగు రాతలో దొరికే చోట్లు రెండున్నాయి. మొదటిది మీ అపార్ట్‌మెంట్ లేదా కాలనీ వాట్సాప్ గ్రూపు. "మంచి ప్లంబర్ నంబర్ ఎవరిదగ్గరైనా ఉందా?" అన్న మెసేజ్ ఎన్నిసార్లు వచ్చిందో వెనక్కి వెళ్ళి చూడండి. రెండోది గూగుల్ మ్యాప్స్‌లో మీ చుట్టుపక్కల షాపుల కింద జనం రాసిన రివ్యూలు. ఐదు స్టార్లవి వదిలేయండి. ఒక్క స్టారువి చాలావరకు కోపంలో రాసినవి. రెండు, మూడు స్టార్లవి బంగారం: అక్కడ వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తూ, ఏం బాగోలేదో ఓపిగ్గా రాస్తారు.

ఒక యాభై దాకా కాపీ చేసి ఒకచోట పెట్టండి. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫ్లాట్ నంబర్లు తీసేయండి. మీ ఆధార్, పాన్ వివరాలు కూడా ఏఐలో ఎక్కడా పెట్టకండి. తర్వాత ఇలా అడగండి: "వీటిని ఫిర్యాదు రకాన్ని బట్టి గుంపులు చెయ్యి. ప్రతి గుంపులో ఎన్ని ఉన్నాయో చెప్పు. వాళ్ళ మాటలనే ఉన్నదున్నట్టు చూపించు, నువ్వు తిరిగి రాయకు."

వాళ్ళ మాటలనే చూపించమనడం ముఖ్యం. మనం చెప్పకపోతే ఏఐ అన్నిటినీ నున్నగా చేసి "నాణ్యతలో లోపం" అని ఒక ముక్కలో తేల్చేస్తుంది. "ప్యాకెట్ ఇంటికి తెచ్చేసరికి ఉబ్బిపోయింది, పుల్ల వాసన" అన్న మాటకీ, "నాణ్యతలో లోపం" అన్న మాటకీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో ఏం సరిచేయాలో ఉంది.

ఈ ఫిర్యాదుల గుంపులనీ, మీ వివరాల కాగితాన్నీ కలిపి ఇచ్చి, "ఈ ఫిర్యాదుల్లో నేను తీర్చగలిగినవి ఏవి? ఒక్కోదానికి ఏం అమ్మాలి, ఎవరికి, వారానికి ఎన్నిసార్లు కొంటారు?" అని అడగండి. ఇప్పుడొచ్చే లిస్టు మీ వీధిలోంచి పుట్టిన లిస్టు.

3. మూడింటికి కుదించండి

దీనికి ఎక్కువ టైమ్ పెట్టొద్దు. కొన్నవాళ్ళు వారంలో మళ్ళీ కొంటారా, పెద్ద సామాను కొనకుండా వారంలో మొదలుపెట్టగలనా, మొదటి ఇరవై మంది నాకు ఎదురుపడేవాళ్ళేనా అని చూసుకోండి. ఈ మూడు ప్రశ్నలకీ అవును అన్న ఆలోచనల్లో మూడు ఉంచండి. మార్కులు మీరే వేయండి. ఏఐని వేయమంటే ఏదో ఒక అంకె ఇస్తుంది, 10కి 8.5 అంటుంది, ఆ అరమార్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికే తెలియదు.

4. ఏఐని ఎదురు వాదించమనండి

ఈ టూల్స్‌కి ఒక గుణం ఉంది. "నేను ఇడ్లీ పిండి అమ్మాలనుకుంటున్నాను, ఎలా ఉంటుంది?" అని అడిగితే "అద్భుతమైన ఆలోచన!" అంటాయి. అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. మనకు నచ్చేట్టు మాట్లాడే వైపు అవి మొగ్గుతాయి, అందులోనూ మన ఉత్సాహం మాటల్లో కనిపిస్తే ఇంకా ఎక్కువ. అందుకని ఆలోచన మీది అని చెప్పకుండా అడగండి:

"ఒకావిడ ఇంటి దగ్గర ఇడ్లీ పిండి చేసి అపార్ట్‌మెంట్లలో అమ్మడం మొదలుపెట్టింది. ఆరు నెలల్లో మూసేసింది. ఎందుకు మూసేసి ఉంటుంది? పది కారణాలు చెప్పు. ఒక్కో కారణాన్నీ ముందే కనిపెట్టాలంటే, 500 రూపాయలు మించకుండా ఏ చిన్న పరీక్ష చేయాలో చెప్పు."

వచ్చే కారణాల్లో కొన్ని ఊకదంపుడుగా ఉంటాయి, కొన్ని మాత్రం నిద్ర పట్టనివ్వవు. ఎండాకాలంలో పిండి తొందరగా పులిసిపోవడం, ఆర్డర్లన్నీ శని ఆదివారాలకే రావడం, పెద్ద కంపెనీ ప్యాకెట్ ఎదురుగా సూపర్ మార్కెట్‌లోనే దొరకడం, ఒక్క మనిషి జ్వరం పడితే వ్యాపారం ఆగిపోవడం. వీటిలో ఏది నిజమైతే మొత్తం వ్యాపారం కూలుతుందో దాన్ని ముందు పరీక్షించండి.

పిండి సంగతిలో అది పులియడమే. చలికాలంలో రాత్రంతా బయట పెట్టినా సరిగ్గా పొంగని పిండి, మే నెలలో కొన్ని గంటల్లో గిన్నె దాటి పొర్లుతుంది. పులిసేటప్పుడు గాలి పుడుతుంది కాబట్టి గట్టిగా సీల్ చేసిన కవరు ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ఏఐ ఇదంతా బాగానే వివరిస్తుంది. మీ వంటగదిలో ఎన్ని గంటలకు ఏమవుతుందో మాత్రం మీరే చూడాలి. ఒకరోజు పిండి రుబ్బి, మూడు కవర్లలో పైన కొంత ఖాళీ వదిలి సీల్ చేయండి. ఒకటి గట్టు మీద పెట్టండి. ఒకటి ఫ్రిజ్‌లో. మూడోది రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, గంట సేపు స్కూటీ డిక్కీలో ఉంచి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి, ఎందుకంటే కొన్నవాళ్ళ దగ్గరికి చేరేసరికి దానికి జరిగేది అదే. కవరు మీద మార్కర్‌తో టైమ్ రాసి, రెండేసి గంటలకు ఒక ఫోటో తీయండి. మర్నాడు పొద్దున మూడింటితోనూ ఇడ్లీ వేసి రుచి చూడండి. ఆ రాసుకున్న టైమ్‌లు ఏఐకి ఇచ్చి, "దీన్నిబట్టి నేను ఏ టైమ్‌కి రుబ్బి, ఏ టైమ్‌కి ఇవ్వాలి?" అని అడిగితే అప్పుడు పనికొచ్చే జవాబు వస్తుంది. బహుశా పులియకముందే చల్లగా సాయంత్రం ఇచ్చేసి, రాత్రి వాళ్ళింట్లో బయట పెట్టుకోమనడం మేలని తేలుతుంది.

5. లెక్క, మీ కిరాణా బిల్లుతో

ఏఐ ఇచ్చే లాభాల పట్టికలను నమ్మి ఎవరూ అప్పు చేయొద్దు. దాన్ని సూత్రం మాత్రమే అడగండి: "ఒక కిలో పిండికి ఏయే ఖర్చులుంటాయో వరసలు రాయి, ధరలు ఖాళీగా వదిలెయ్యి." ధరలు మీరు కొట్లో అడిగి నింపండి. కింద నేను వేసినవి ఉదాహరణకు వేసిన ధరలు, మీ ఊరి ధరలతో మార్చుకోండి.

మినప్పప్పు ఒక కిలో, ఇడ్లీ రవ్వ రెండు కిలోలు కలిపితే దాదాపు ఆరు కిలోల పిండి వస్తుంది. పప్పు 130, రవ్వ 100, ఉప్పూ కరెంటూ నీళ్ళూ కలిపి 20, ఆరు కవర్లూ స్టిక్కర్లూ 30. మొత్తం 280. కిలోకి 47 రూపాయలు. చేరవేయడానికి పెట్రోలు మూడు వేసుకుంటే 50. కిలో 80కి అమ్మితే 30 మిగులుతుంది. ఏఐ ఇక్కడ ఆగి, "రోజుకు 20 కిలోలు అమ్మితే 600 లాభం" అంటుంది.

ఇప్పుడు దాన్ని మళ్ళీ అడగండి: "పదిలో ఒక ప్యాకెట్ మిగిలిపోతే?" పది ప్యాకెట్ల ఖర్చు 500, తొమ్మిదికి వచ్చేది 720, మిగిలేది 220. అంటే ప్యాకెట్‌కి 30 కాదు, 22. రోజుకు 440. "సూపర్ మార్కెట్‌లో పెడితే, వాళ్ళు పది రూపాయలు ఉంచుకుంటే?" తొమ్మిదికి 630, మిగిలేది 130, ప్యాకెట్‌కి 13. ఇంటి దగ్గర ఇరవై ప్యాకెట్లతో వచ్చే 440, షాపు ద్వారా రావాలంటే 34 ప్యాకెట్లు చేయాలి. ఈ ఒక్క లెక్క చాలు, మొదట షాపుల చుట్టూ తిరగాలా, లిఫ్ట్ దగ్గర నిలబడాలా అన్నది తేల్చుకోవడానికి.

ఇంకో లెక్క ఏఐ దానంతట అది వేయదు. 20 కిలోల పిండికి మూడు కిలోలకు పైగా మినప్పప్పు రుబ్బాలి. 2 లీటర్ల గ్రైండర్‌లో ఒక వాయికి అరకిలో అనుకుంటే ఏడు వాయిలు. వాయికి అరగంట చొప్పున మూడున్నర గంటలు. మధ్యలో మోటారు వేడెక్కితే ఆపాలి, లేకపోతే పిండి కూడా వేడెక్కి ఇంకా ముందే పులుస్తుంది. కడగడం, కలపడం, ప్యాక్ చేయడం గంటన్నర, సాయంత్రం పంచడం ఒక గంట. మొత్తం ఆరు గంటలు. 440ని ఆరుతో భాగిస్తే గంటకు 73 రూపాయలు. అది మీకు సరిపోతుందా లేదా అన్నది మీరే చెప్పాలి. ఇంటి ఆడవాళ్ళ కష్టానికి కూలి వేయకుండా "లాభం" అని రాయడం మన దగ్గర పాత అలవాటు. ఏఐ కూడా అదే చేస్తుంది. లెక్కలో "నా కూలి" అని ఒక వరస మీరే పెట్టించండి. ఇరవై కిలోలు పెట్టాక ఫ్రిజ్‌లో ఇంటి కూరగాయలకు చోటుంటుందా అన్నది కూడా చూసుకోండి.

కూడికలూ తీసివేతలూ ఒకసారి ఫోన్ క్యాలిక్యులేటర్‌లో సరిచూసుకోండి. ఈ టూల్స్ మాటల్లో ఎంత ధీమాగా ఉంటాయో లెక్క తప్పినప్పుడూ అంతే ధీమాగా ఉంటాయి.

6. రూల్స్ సంగతి దాన్ని అడగొచ్చు, నమ్మడం మాత్రం సర్కారు సైట్‌నే

తినే వస్తువు ఇంటి నుంచి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సర్కారు సంస్థ) దగ్గర నమోదు కావాలి. ఫాస్కాస్ అనే వాళ్ళ సైట్‌లో మీరే చేసుకోవచ్చు. మొదటి ప్యాకెట్ అమ్మకముందే చేయించుకోండి. 14 అంకెల నంబరు వస్తుంది, అది ప్యాకెట్ మీద ఉండాలి. దాంతోపాటు వస్తువు పేరు, ఏమేం కలిపారు, బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోపు వాడాలి, ధర, శాకాహారం అని చెప్పే పచ్చ చుక్క, మీ చిరునామా. లేబుల్ మీద ఏం రాయాలో ఏఐతో డ్రాఫ్ట్ చేయించుకుని, తర్వాత సైట్‌లో సరిచూసుకోండి.

పన్నుల దగ్గర మరీ జాగ్రత్త. ఏఐ నేర్చుకున్నది ఒక తేదీ దాకానే, తర్వాత మారినవి దానికి తెలియకపోవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి, ప్యాకెట్‌లో అమ్మే మిక్చర్, కారప్పూస లాంటివి 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. పాత సమాచారంతో ఉన్న టూల్ ఇప్పటికీ 12 అనే చెప్పొచ్చు. ఇంకో తేడా మన రెండు రాష్ట్రాల మధ్యే ఉంది. సరుకులు అమ్మేవాళ్ళు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిన పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) అయితే, తెలంగాణ పాత 20 లక్షల పరిమితినే ఉంచుకుంది. "ఇండియాలో పరిమితి ఎంత?" అని అడిగితే 40 లక్షలు అని చెప్పి ఊరుకుంటుంది. రాష్ట్రం పేరు చెప్పి అడగండి, "ఇది ఏ తేదీ నాటి సమాచారం, ఏ సర్కారు సైట్‌లో ఉంది?" అని నిలదీయండి, ఆ లింక్ తెరిచి మీ కళ్ళతో చదవండి. లేని లింకులు కూడా అది ఇవ్వగలదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని సర్కారు దగ్గర నమోదు చేసుకోవడం, 2020 జులై నుంచి ఆన్‌లైన్‌లో ఉంది, పైసా ఖర్చు లేదు. వెతికితే పైన కనిపించే కొన్ని ప్రైవేటు సైట్లు దానికి వేలు వసూలు చేస్తాయి, కాబట్టి సైట్ చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి. చిన్న వ్యాపారాలకు సర్కారు పథకం కింద బ్యాంకులు ఇచ్చే ముద్రా లోన్ శిశు విభాగంలో 50,000 దాకా ఉంటుంది. కానీ కొనేవాళ్ళు ఉన్నారని తేలేదాకా లోన్ మాట ఎత్తొద్దని నా గట్టి అభిప్రాయం.

7. మనుషులతో మాట్లాడండి

ఇది తప్పించుకోవడానికి చాలామంది ఏఐతోనే మాట్లాడుతూ ఉండిపోతారు. "నువ్వు 35 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినివి, ఈ పిండి కొంటావా?" అని అడిగితే అది పాత్ర వేసి చక్కగా జవాబు చెబుతుంది. ఆ జవాబును సర్వేగా లెక్కపెట్టకండి. రేపు జేబులోంచి 80 రూపాయలు తీసేది ఆ పాత్ర కాదు. రిహార్సల్‌కి మాత్రం దాన్ని బాగా వాడుకోవచ్చు: "బేరం ఆడే, విసుక్కునే కస్టమర్‌లా మాట్లాడు" అని చెప్పి ఒకట్రెండు సార్లు ప్రాక్టీస్ చేస్తే, కొత్తవాళ్ళ తలుపు తట్టేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎదుటివాళ్ళని నొప్పించడం మనవాళ్ళకి ఇష్టం ఉండదు. "ఇడ్లీ పిండి పెడదామనుకుంటున్నాను ఆంటీ, తీసుకుంటారా?" అంటే "అయ్యో, ఎందుకు తీసుకోమమ్మా, తప్పకుండా!" అంటారు. ఆ మాట ప్రేమతో అన్నదే, కానీ అమ్మకం కింద రాసుకోవడానికి లేదు. కాబట్టి ఏం చేస్తారని అడగొద్దు. ఇప్పటికే ఏం చేశారో అడగండి. "పోయిన వారం ఇంట్లో ఇడ్లీ, దోసె ఎన్నిసార్లు వేశారు? పిండి మీరే రుబ్బారా, కొన్నారా? కొంటే ఎక్కడ, ఎంతకి? చివరిసారి బాగోలేనప్పుడు ఏం చేశారు?" ఇలాంటివి ఏడెనిమిది రాసిమ్మని ఏఐని అడగండి, "జవాబు అవును కాదు అని వచ్చే ప్రశ్న ఒక్కటి కూడా ఉండకూడదు, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దావిడతో మాట్లాడినట్టు ఉండాలి" అని చెప్పండి.

పది పన్నెండు మందితో మాట్లాడండి. చుట్టాల్ని లెక్కలో వేయకండి. వాళ్ళు ఒప్పుకుంటే రికార్డ్ చేసుకోండి, లేకపోతే మెట్లు దిగుతూనే ఫోన్‌లో నోటితో చెప్పి రాసుకోండి. అవన్నీ పేర్లు లేకుండా ఏఐకి ఇచ్చి, "నా ఆలోచనకి వ్యతిరేకంగా ఉన్న మాటలు మాత్రమే ఏరి చూపించు" అనండి. అనుకూలంగా ఉన్నవి మన మనసు ఎలాగూ గుర్తుపెట్టుకుంటుంది.

8. డబ్బు అడగండి

ఇంతవరకూ జరిగింది చదువు. పరీక్ష ఇప్పుడే. ప్యాకెట్‌కి డబ్బు ముందే తీసుకుని, అంతే చేసి ఇవ్వండి. యూపీఐ క్యూఆర్ ఉంటే చాలు.

మెసేజ్ ఏఐతో రాయించుకోవచ్చు, కానీ ఉన్నదున్నట్టు పంపకండి. అడిగితే ఇలాంటిది వస్తుంది: "మా ప్రీమియం నాణ్యత గల తాజా ఇడ్లీ పిండితో మీ ఉదయాన్ని ఆనందమయం చేసుకోండి! ఆరోగ్యం, రుచి ఇప్పుడు మీ ఇంటి ముంగిట!" ఇది చదివినవాళ్ళు ఏదో కంపెనీ ప్రకటన అనుకుని పైకి జరిపేస్తారు. మీరు మాట్లాడేటట్టు మార్చండి:

"శనివారం సాయంత్రం 5 నుంచి 6 దాకా సి బ్లాక్ లిఫ్ట్ దగ్గర ఇడ్లీ పిండి ఇస్తాను. ఆ రోజే రుబ్బినది, సోడా వేయను. కిలో 80. శుక్రవారం రాత్రి 8 లోపు డబ్బు పంపినవాళ్ళకే చేస్తాను. రాత్రి బయట పెడితే ఆదివారం పొద్దునకి పొంగుతుంది. సి 304, మీకు తెలిసినదాన్నే."

పిండి ఫోటో మీ ఫోన్‌తోనే తీయండి. ఏఐ గీసిన తెల్లటి, మెరిసే ఇడ్లీల బొమ్మ పెట్టి, అసలు ఇడ్లీ వేరేలా వస్తే రెండోసారి కొనరు. అందులోనూ ఒకే గేటు లోపల ఉండేవాళ్ళ మధ్య నమ్మకం ఒక్కసారి పోతే వాళ్ళకి ఇంకేదీ అమ్మలేరు.

మెసేజ్ పంపకముందే ఒక గీత గీసుకోండి. ఉదాహరణకు: "మూడు శనివారాల్లో కనీసం 15 ఇళ్ళవాళ్ళు డబ్బు కట్టాలి. వాళ్ళలో కనీసం 8 ఇళ్ళవాళ్ళు రెండోసారి కొనాలి. లేకపోతే దీన్ని ఆపేస్తాను." ఇది కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇంట్లో ఒకరికి చూపించండి. ముందే రాసుకోకపోతే నలుగురు కొన్నా "పర్వాలేదు, మెల్లగా పెరుగుతుంది" అని మనసు సర్దిచెప్పేస్తుంది. గీత ఎక్కడ గీయాలో తెలియకపోతే 5వ మెట్టులో వేసిన లెక్కను ఏఐకి ఇచ్చి, మీ కూలి గిట్టాలంటే వారానికి ఎన్ని ప్యాకెట్లు కావాలో అడగండి.

ధర పరీక్షించాలంటే ఒక వారం ధర మాత్రమే మార్చండి. మెసేజ్, టైమ్, చోటు అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏ మార్పు వల్ల అమ్మకం పెరిగిందో ఏఐ కూడా చెప్పలేదు.

9. వచ్చినదాన్ని చదవడం

మూడో శనివారం అయ్యాక ఒక చిన్న పట్టిక రాయండి: ఏ తేదీ, ఏ ఇల్లు (పేరు బదులు అంకె), ఎన్ని కిలోలు, మొదటిసారా రెండోసారా, ఏమన్నారు. దాన్ని ఏఐకి ఇచ్చి, "ఇందులో నేను అనుకోనిది ఏముంది?" అని అడగండి. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటుంది.

ఇక్కడ తరచూ ఊహించని మనుషులు బయటపడతారు. ఇళ్ళవాళ్ళ కోసం మొదలుపెడితే, ఎక్కువ కిలోలు తీసుకున్నది పక్క సందులో నలుగురు కలిసి అద్దెకుండే కుర్రాళ్ళు కావచ్చు. వాళ్ళు "చట్నీ కూడా ఇస్తారా అక్కా?" అని అడిగి ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే వెంటనే చట్నీ మొదలుపెట్టకండి. 4వ మెట్టుకి వెళ్ళి చట్నీ ఎలా చెడుతుందో అడగండి, కొబ్బరి చట్నీ పిండి కంటే తొందరగా పాడవుతుంది. 5వ మెట్టులో దాని లెక్క వేయండి. ఇంకో శనివారం ఆ నలుగురి దగ్గరే డబ్బు తీసుకుని పరీక్షించండి.

గీత దాటకపోతే ఆపేయండి. డబ్బు కట్టి పిండి అందనివాళ్ళు ఉంటే ముందు వాళ్ళది తిరిగిచ్చేయండి. పట్టికనీ, జనం అన్న మాటలనీ దాచిపెట్టుకుని, 3వ మెట్టులో మిగిలిన రెండు ఆలోచనల్లో ఒకటి తీయండి. ఆ పదిహేను వేలల్లో చాలావరకు ఇంకా మీ దగ్గరే ఉంటుంది, అపార్ట్‌మెంట్‌లో మిమ్మల్ని ఎరిగినవాళ్ళు కూడా పెరిగి ఉంటారు.

గీత దాటితే, వరసగా రెండు నెలలు ఆర్డర్లు మీ చేతికి మించి వచ్చాకే పెద్ద టిల్టింగ్ గ్రైండర్ కొనే మాట ఆలోచించండి. కొత్తది కొనేముందు ఆ ప్రాంతంలో మూసేసిన టిఫిన్ సెంటర్ల సామాను అమ్మకానికి ఉందేమో అడగండి. రోజుకు ఎన్ని కిలోలు రుబ్బితే దాని ఖరీదూ కరెంటు బిల్లూ ఎన్ని నెలల్లో తిరిగొస్తాయో లెక్క వేయించుకోండి. షట్టర్ అద్దెకి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న దాని తర్వాతది.